ఒక్క గోడా తేడా రాని ఇల్లు

కిందటి వారం మనం సుద్దత్తను నేలమీద చతికిలబడి, చేతిలో సుద్దముక్కతో, నోట మాట రాని స్థితిలో వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా అలాగే కూర్చుని ఉంది. మనకేం, పేజీ తిప్పితే వారం గడిచిపోతుంది. ఆవిడ మోకాళ్ళకు ఆ సౌకర్యం లేదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. యుద్ధం జరుగుతున్న వైపు నుంచి సరిహద్దు దాటి వచ్చే పిల్లలకు నీడనిచ్చే చోటు ఆవిడ కూర్చున్నది. ఒకప్పుడు నూలు గిడ్డంగి. బేళ్ళు ఎత్తడానికి వాడిన ఇనుప కొక్కేలు ఇప్పటికీ దూలాలకు వేలాడుతున్నాయి, వాటికి తాళ్ళు కట్టి పిల్లల బట్టలు ఆరేస్తారు. కన్నవాళ్ళ జాడ తెలియని పిల్లలతో మాట్లాడి, ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చడం సుద్దత్త పని. ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే ఆఫీసుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. నేలంతా సుద్దతో గీయిస్తుంది కనుక పిల్లలు పెట్టిన పేరే ఖాయమైపోయింది.

ఆవిడ పిల్లలను "మీ ఊరేది, మీ నాన్నేం చేస్తాడు" అని అడగదు. "నన్ను మీ ఇంటికి తీసుకెళ్ళు" అంటుంది. పిల్లవాడు గడప దగ్గర మొదలుపెట్టి, సుద్దతో గోడలు గీసుకుంటూ, గదులన్నీ తిప్పి చూపించాలి. చెప్పులెక్కడ విడవాలి, మంచినీళ్ళు ఎక్కడుంటాయి, ఎవరు ఎటు తల పెట్టి పడుకుంటారు, అన్నీ. అక్కడి వాళ్ళు దీన్ని 'ఇల్లు నడవడం' అంటారు. తోబుట్టువులమని చెప్పుకున్న పిల్లలను విడివిడిగా నడిపిస్తారు. ఇళ్ళు కలిస్తే అందరినీ ఒక్కచోటే ఉంచుతారు. కలవకపోతే వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్ని బట్టి, తలో ఊళ్ళో ఉన్న తలో ఆశ్రమానికి పంపేస్తారు.

ఇప్పుడు వచ్చినవాళ్ళు ఆరుగురు. పన్నెండేళ్ళ పెద్దపిల్ల ఒకతి, దాని వెనకే బాతుపిల్లల్లా ఐదుగురు. "అందరూ నా తమ్ముళ్ళూ చెల్లెళ్ళే" అంది పెద్దపిల్ల. ఆ ఐదుగురిలో మాటలు సరిగా రాని చంటిదాన్ని వదిలేసి మిగిలిన నలుగురినీ ఇల్లు నడిపించారు. నాలుగు ఇళ్ళూ కలిశాయి. ఒక్క గోడ, ఒక్క కిటికీ తేడా రాలేదు. సుద్దత్తకు నోట మాట రానిది అందుకే.

గిడ్డంగి మొత్తానికి పెద్ద అయిన పెద్దసారు తలుపు దగ్గర నిలబడి, నేలమీది గీతలు చూసి మురిసిపోతున్నాడు. బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. లెక్క సరిపోయిందంటే చాలు, ఆయనకు పండగే.

"కలిశాయి కదమ్మా! ఇంక లే, భోజనం చెయ్యి. వంటావిడ నీ కంచం దగ్గర కాపలా కాస్తోంది."

"మరీ కలిశాయి సార్. అదే నా బాధ."

"కలవకపోతే బాధ, కలిస్తే బాధ. నీకు సంతోషం ఎప్పుడొస్తుందో ముందే చెప్పమ్మా, ఆ పూట సెలవు పెట్టుకుంటాను."

"సొంత తోబుట్టువులు ఒక ఇంటిని ఒక్కలా చెప్పగా ఎప్పుడైనా విన్నారా? ఆ మధ్య అన్నదమ్ములు వచ్చారు, గుర్తుందా? కిటికీ పక్క చోటు నాదంటే నాదని ఇక్కడే జుట్లు పట్టుకున్నారు. తీరా వాళ్ళమ్మ దొరికి వచ్చి, ఆ చోటు నాది వెధవల్లారా, అంది."

పెద్దసారు నవ్వాడు. నవ్వుతూనే ఆయన ముఖం వాడిపోయింది, ఆవిడ ఎటు వస్తోందో ఆయనకూ అర్థమైంది. సరిహద్దు దగ్గర దళారీలు తిరుగుతుంటారు. దిక్కులేని పిల్లలను పోగుచేసి, ఒకే ఇంటి కథ నూరిపోసి, ముందుగా ఇలాంటి చోట్లకు పంపుతారు. పిల్లలు తిని కాస్త కోలుకున్నాక బాబాయినంటూ ఒకడు ఏడ్చుకుంటూ వస్తాడు. వాడి వెనక వెళ్ళిన పిల్లలు ఏ ఇటుకల బట్టీలోనో, ఏ తాళం వేసిన ఇంట్లోనో తేలతారు. కొందరు అసలు తేలరు.

"వాళ్ళను కలిపి ఉంచితే, మోపు కట్టి మరీ వాడి చేతికిచ్చినట్టు" అన్నాడు పెద్దసారు నెమ్మదిగా.

"విడదీస్తే? నిజంగా వీళ్ళు ఒకరికొకరు అయితే?"

పెద్దసారు వెనక్కి తిరిగాడు. "రేపు పొద్దున్నే ఆశ్రమాలకు వెళ్ళే వ్యాను వస్తుంది. అందులో వీళ్ళు ఎక్కాలో వద్దో పొద్దుగూకేలోగా చెప్పమ్మా" అని, కంచం సంగతి మళ్ళీ ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

సుద్దత్త గుండుగాణ్ణి మళ్ళీ పిలిచింది. వాడికి ఐదేళ్ళుంటాయి. తలనిండా పేలతో వస్తే వంటావిడ పట్టుకుని గుండు గీయించింది, అప్పట్నుంచీ దానిమీద చెయ్యి తిప్పుకుంటూ తిరుగుతున్నాడు. వాడు గడప దగ్గర నిలబడి, పాఠం అప్పజెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"ఇది గడప. ఇక్కడ చెప్పులు. ఇక్కడ అమ్మ. అమ్మ చేతులు తుడుచుకుని, 'వచ్చారా నా తండ్రులూ' అని బుగ్గ గిల్లుతుంది. ఇటు..."

"ఆగరా బాబూ, నాకు ఆయాసంగా ఉంది. ఇక్కడే అమ్మ దగ్గర కూర్చుందాం. ఏం వాసనొస్తోంది?"

వాడు తెల్లబోయాడు. గుండు మీద చెయ్యి ఆగిపోయింది. "వాసనా? అక్క చెప్పలేదే."

అనుకున్నంతా అయింది, ఎవరో నేర్పించారు. అయినా పైకి తేలనివ్వకుండా, సరేలే పదమంటూ సుద్దత్త వాడి వెనకే నడిచింది. వాడు మెట్లు గీసిన చోటికి వచ్చాడు. అడగకుండానే ఆ గీతల మధ్య పక్కకు తిరిగి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకున్నాడు.

"ఇక్కడ పడుకుంటే మెట్ల మీద ఎవరు దిగుతున్నారో తెలిసిపోద్ది. తాతయ్యయితే ఒక కాలు టక్కుమంటుంది, ఇంకోటి అనదు. బస్తాలుంటాయి. బస్తా దగ్గర ముక్కు పెడితే తుమ్ము వస్తుంది. తుమ్మితే దొరికిపోతాం." చెబుతూనే నిజంగా తుమ్మబోయి, ముక్కు నలుపుకుని, కిలకిలా నవ్వాడు.

అప్పజెప్పే గొంతు మాయమైపోయింది. అక్కడ పడుకున్నది ఒక ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లవాడు. సుద్దత్త కదిలితే ఎక్కడ చెదిరిపోతుందోనని ఊపిరి బిగబట్టుకుని చూస్తూండిపోయింది.

తర్వాత బొంతమ్మను పిలిచింది. పాత బొంత ఒకటి భుజం మీద లేకుండా బయటికి రాని ఏడేళ్ళ పిల్ల. మెట్ల దగ్గర ఆ పిల్ల గొంతులో ప్రాణం లేదు. కిటికీ దగ్గరికి రాగానే మునివేళ్ళ మీద లేచి, గాలిలోనే గడ్డం ఆనించింది. "రైలొస్తే ముందు ఈ అద్దం వణుకుతుంది. నాలిక పెడితే నాలిక కూడా వణుకుతుంది. అమ్మ చూస్తే కొడుతుంది" అని, కొట్టే అమ్మ గుర్తొచ్చిందేమో, చటుక్కున నోరు మూసుకుంది. ఇంకో పిల్లవాడికి రేకుల పైకప్పు దగ్గర కళ్ళు మెరిశాయి. వానపడితే దానికింద ఎవరి మాటా ఎవరికీ వినపడదట, అప్పుడు ఎన్ని తిట్లయినా తిట్టుకోవచ్చట. మరో పిల్లకు పెరటి గుమ్మం. తలుపు తీస్తే కాలి కిందే నది.

అందరూ వెళ్ళిపోయాక సుద్దత్త నేలమీది ఇంటిని మొట్టమొదటిసారి చూస్తున్నట్టు చూసింది. అప్పటిదాకా నాలుగు ఇళ్ళూ ఒకదానితో ఒకటి కలిశాయా లేదా అని చూసింది తప్ప, అసలు ఆ ఇల్లు నిలబడుతుందా అని చూడలేదు. పైన రేకులు. మరి ఆ మెట్లు ఎక్కడికి? ఎక్కితే రేకుకు తల కొట్టుకోవడం తప్ప పైన అంతస్తే లేదు. ముందు కిటికీలో రైలు, వెనక గుమ్మంలో నది. ఇంత వంకర ఇల్లు ఏ మేస్త్రీ కట్టడు. డబ్బుకోసం కథ అల్లే ఏ దళారీ కూడా ఇంత తెలివితక్కువగా అల్లడు. ఎవరు కట్టారో ఆవిడకు అప్పుడు తట్టింది. పెద్దపిల్లను పిలిపించింది.

పెద్దపిల్ల వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. సన్నటి మనిషి. నడిచి నడిచి పగిలిన పాదాలకు వంటావిడ ఏదో లేపనం రాసి గుడ్డలు చుట్టింది.

"ఇల్లు చెప్పమన్నారు మేడమ్, చెప్పాం. అందరూ చెప్పారు. కలిసింది కదా. ఇంకెన్నిసార్లు?"

"నేను అడగడానికి పిలవలేదమ్మా. చెప్పడానికి పిలిచాను." సుద్దత్త నేలమీద వేలు పెట్టింది. "మెట్లు గుండుగాడివి. కిటికీ బొంతమ్మది. రేకులు ఇంకో పిల్లాడివి, నది చివరి పిల్లది. నాలుగు వేరు వేరు ఇళ్ళు. ఏ ఇద్దరూ ఒక అమ్మ పిల్లలు కారు. నువ్వు వాళ్ళల్లో ఎవరికీ అక్కవి కాదు."

పెద్దపిల్ల తలుపు వైపు చూసింది. పారిపోవడానికి కాదు. పిల్లలు వింటున్నారేమో అని.

"ఎవరు నేర్పారు?" అంది సుద్దత్త, జవాబు తెలిసినా.

"ఎవరూ నేర్పలేదు." ఆ పిల్ల గోడ వెంట జారి నేలమీద కూర్చుంది. కూర్చున్నాక మాత్రం ఆగలేదు.

"పగలు దాక్కునేవాళ్ళం, చీకట్లో నడిచేవాళ్ళం. పడుకునే ముందు ఎవరో ఒకరు ఇల్లు గుర్తొచ్చి ఏడుపు మొదలెట్టేవారు. ఒకరు మొదలెడితే అందరూ. సైనికులు దగ్గర్లోనే ఉండేవారు. నోరు మూస్తే ఊపిరాడక గిలగిలా కొట్టుకునేవారు. ఒకసారి చంటిదాని నోరు మూసి... భయమేసింది నాకు. చచ్చిపోతుందేమోనని. అప్పుడు చెప్పాను, ఏడవకండి, మనం ఒక ఇల్లు కట్టుకుందాం, అందరూ మీ ఇంట్లోంచి ఒక్కటే, అన్నిటికన్నా మంచిది తీసుకురండి అని. గుండుగాడు మెట్లు తెచ్చాడు. మెట్లు పెడితే పైన గది కావాలిరా అంటే, వద్దు, మెట్ల కిందే చాలన్నాడు. చంటిదానికి మాటలే రావు కదా, పిల్లి అంది. పిల్లిని కూడా పెట్టుకున్నాం. రోజూ పడుకునే ముందు అందులోకి వెళ్ళేవాళ్ళం. గుసగుసగా. ఏడిస్తే బయటే ఉండాలి. ఎవరూ బయట ఉండేవారు కాదు."

సుద్దత్త కొన్ని వందల ఇళ్ళు నడిచిన మనిషి. కాలిన ఇళ్ళు, కూలిన ఇళ్ళు, పిల్లల నోళ్ళలో తప్ప ఎక్కడా మిగలని ఇళ్ళు. పక్కన తుపాకులు పేలుతుంటే ఆరుగురు పిల్లలు దాక్కున్న చోటే ఇటుక లేకుండా, సున్నం లేకుండా ఒక ఇల్లు కట్టుకుని అందులో నిద్రపోయారన్న సంగతి ఆవిడ ఎన్నడూ వినలేదు. ఎదురుగా కూర్చున్న ఆ బక్కపలచటి పిల్లను చూస్తే ఆవిడకు లేచి దణ్ణం పెట్టాలనిపించింది. పన్నెండేళ్ళ పిల్లకు దణ్ణం పెడితే ఏం బావుంటుందని ఆగింది గానీ, చేతులు ఒళ్ళో నిలవలేదు.

"మరి నువ్వేం తెచ్చావు?"

"అమ్మని."

"మీ అమ్మనా?"

"ఎవరమ్మను వాళ్ళు తలుచుకుంటే ఏడుపొస్తుంది కదా. మా అమ్మయితే వాళ్ళకి ఏడుపు రాదు. అందుకని మా అమ్మని పెట్టాను. చేతులు తుడుచుకుని వచ్చి బుగ్గ గిల్లేది. నేను బయటికెళ్ళి వస్తే, 'వచ్చావా నా తల్లీ' అనేది. వీళ్ళ కోసం 'తండ్రులూ' అని మార్చాను. ఇప్పుడు అందరికీ ఆవిడే అమ్మ. గుండుగాడయితే మా అమ్మ నీకన్నా నన్నే ఎక్కువ గిల్లుతుందని నాతోనే గొడవపడతాడు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వు తగ్గేసరికి సుద్దత్త కళ్ళు తడిసిపోయి ఉన్నాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. ఉన్న ఒక్క అమ్మనూ ఐదుగురికి పంచిపెట్టి, ఆ పంచిన సంగతి పప్పుబెల్లాలు పంచినట్టు చెబుతోంది ఈ పిల్ల. సుద్దత్తకు తన చదువూ, తన అనుభవమూ, గోడమీది నియమాల పట్టికా అన్నీ ఈ పిల్ల ముందు చాలా చిన్నవిగా కనిపించాయి. సంతోషంగా కూడా అనిపించింది. మనుషుల్లో ఇంతటి వాళ్ళుంటారని ఇన్నాళ్ళకు కళ్ళారా చూసింది.

"పెద్దసారుకు నిజం చెబుతాను" అంది. "ఒక కడుపున పుట్టకపోయినా వీళ్ళు ఒక ఇంటి పిల్లలేనని చెబుతాను. ఒప్పుకునేదాకా ఆయన గది గుమ్మంలోనే కూర్చుంటాను. మిమ్మల్ని విడదీయనివ్వను."

పెద్దపిల్ల చివాలున తలెత్తింది. "వద్దత్తా! నిజం చెప్తే విడదీస్తారు." మేడమ్ కాస్తా అత్త అయింది, ఆ సంగతి ఆ పిల్లకే తెలియదు.

"ఎవరన్నారు అలాగని?"

"అనలేదు. చేశారు. మేం ముందే విడిపోయాం. మేం ఆరుగురం కాదు. ఏడుగురం. సరిహద్దు దాటాక గుడారాల దగ్గర ఆ ఏడోవాడికి జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది. ఒకాయన వచ్చి, వీడు నీ సొంత తమ్ముడా అని అడిగాడు. నిజం చెప్తే తొందరగా మందిస్తారనుకున్నాను. కాదన్నాను. అయితే నువ్వు పక్కకి జరుగమ్మా అని వాణ్ణి వేరే బండిలో ఎక్కించేశాడు. నేను పరిగెత్తాను. అందలేదు. ఆయన చెడ్డవాడు కాదత్తా, వాడికి నీళ్ళు కూడా తాగించాడు. మీరు వేసుకున్న కోటే వేసుకున్నాడు. జేబు మీద ఇదే బొమ్మ."

సుద్దత్త చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీది సంస్థ గుర్తు మీదికి పోయింది.

అందుకన్నమాట అబద్ధం. దళారీ నేర్పింది కాదు, మనమే నేర్పాం. అయితే వాడు ఎక్కడో మన గూటిలోనే ఉన్నాడు, మన ఆశ్రమాల్లోనే ఏదో ఒకదాంట్లో! ఆవిడ మనసు ఒక్క గంతు వేసింది. వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఎక్కడికి వెళ్ళినా వాణ్ణి కూడా ఇల్లు నడిపించి ఉంటారు. రోజూ ఇందులోనే నిద్రపోయినవాడు కనుక వాడు ఈ ఇల్లే నడిచి ఉంటాడు. ఎక్కడికీ పోని మెట్లు, రైలు, నది. లోకంలో లేని ఇల్లు చెప్పిన పిల్లవాడి కోసం ఎవరూ రారని లెక్క. అలాంటి వాళ్ళను పెంచుకుంటామని వచ్చినవాళ్ళకు ఇచ్చేస్తారు, పేరు మారుతుంది, ఊరు మారుతుంది. ఆ తర్వాత వెతికినా దొరకరు.

ఆవిడ లేచిన వేగానికి మోకాళ్ళు పటపటమన్నాయి. పెద్దసారు గదిలోకి వెళ్ళి, ఆయన ఏమిటేమిటంటున్నా వినకుండా ఫోన్ అందుకుంది. మొదటి ఆశ్రమంలో అలాంటి పిల్లవాడు లేడు. రెండోదాంట్లోనూ లేడు. పెద్దపిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దాని చెయ్యి పట్టుకుని గుండుగాడు, వాడి వెనక బొంత ఈడ్చుకుంటూ బొంతమ్మ. మూడో నంబరులో ఒక కుర్రమ్మాయి పలికింది. సుద్దత్త దగ్గర పని నేర్చుకుని వెళ్ళిన పిల్లే.

"రేకుల ఇల్లు చెప్పినవాడా అక్కా? మెట్లుంటాయి కానీ పైన ఏమీ ఉండదు, అదేనా? ఉన్నాడు! భలేగా చెప్పాడక్కా, మేం అందరం తెగ నవ్వుకున్నాం. జ్వరం కూడా తగ్గిపోయింది, బాగున్నాడు."

పెద్దసారు గదిలోని ఆ పాత ఫోన్ సంగతి ఆ గిడ్డంగిలో అందరికీ తెలుసు. అవతలివాళ్ళ మాట చెవిలో కంటే గదిలోనే బాగా వినపడుతుంది. పెద్దపిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాణ్ణి పెంచుకునేవాళ్ళు వచ్చి కూర్చున్నారక్కా" అంది ఫోన్‌లో గొంతు హుషారుగా. "ఎంత మంచివాళ్ళో! సంతకాలయిపోయాయి, బండి గేటు దగ్గరే ఉంది. వీడే కాస్త మొండికేస్తున్నాడు, అక్క వస్తుంది, అక్క వస్తుంది అని ఒకటే పాట. అక్కా లేదు, ఎవరూ లేరమ్మా వీడికి, నిశ్చింతగా తీసుకెళ్ళండి అని వాళ్ళకు నేనే చెప్పాను."